ఏమండీ అంటే ఇద్దరు పలికిన ఇల్లు

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. జిప్పులావిడ అంటే చాలు, చంటిపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఇంటి ముందు నిలబెట్టేవారు. ప్యాంటు జిప్పు, సంచి జిప్పు, చలికోటు జిప్పు, దిండు గలీబు జిప్పు, ఏది మధ్యలో మొరాయించినా ఆమె గుమ్మం ఎక్కాల్సిందే. కుట్టుపనులన్నీ చేసేది పాపం, కానీ పేరు జిప్పుల దగ్గరే ఆగిపోయింది. భర్త గడియారాలు బాగుచేస్తాడు కాబట్టి ఆయన గడియారాలాయన. ఇంట్లో వీధివైపు గది ఆయన దుకాణం. మధ్యలో ఓ పరదా. పరదా వెనక గదిలో ఆమె మిషను.

ఆమె నోరు తెరిస్తే ఆగదు. ఆయన నోరు తెరిపించడం ఎవరి తరమూ కాదు. ఈ ఇద్దరికీ ముడిపెట్టినవాళ్ళు ఏం చూసి పెట్టారో గాని, ఇన్నేళ్ళ కాపురంలో సగం మాటలు పరదాకే తగిలి ఆగిపోయాయి. ఆమె "ఏమండీ" అంటుంది. ఉలుకూ పలుకూ ఉండదు. మళ్ళీ "ఏమండీ" అంటుంది. కంటికి తగిలించుకున్న అద్దం కాస్త కదులుతుంది. మూడోసారికి "ఊఁ" అంటాడు. ఆ ఊఁకు అవుననీ అర్థం కాదు, కాదనీ అర్థం కాదు, కనీసం విన్నాననైనా అర్థం కాదు. పెళ్ళయిన కొత్తలో ఆమె దానికి అర్థాలు వెతికి వెతికి అలిసిపోయింది. చివరికి ఆ మూడు పిలుపులనూ ఒకే గుక్కలో కలిపి పిలవడం అలవాటు చేసుకుంది. "ఏమండీ ఏమండీ ఏమండీ" అంటే ఆ వీధిలో ఎవరూ తల తిప్పి చూడరు, జిప్పులావిడ మొగుణ్ణి పిలుస్తోంది అనుకుంటారు, అంతే.

ఇన్నేళ్ళ పిలుపుల్లోనూ ఆమెకు జవాబు కావాల్సిన ప్రశ్న ఒకటే ఉంది. అది కిటికీ సంగతి. దుకాణంలో వీధివైపు పెద్ద కిటికీ ఉంది. పొద్దున మొదలై దీపాలు పెట్టేదాకా వెలుతురు అందులోంచి గదిలోకి పొర్లుతూనే ఉంటుంది. ఆమె గదిలో ఉన్నది ఓ ట్యూబులైటు. అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు వెలుగుతుంది. నల్లగుడ్డ మీద నల్లదారంతో కుట్టాల్సి వస్తే ఆమెకు తల ప్రాణం తోకకొచ్చేది. అటు ఆయన బల్ల చూస్తే కిటికీ కింద ఈ మూల నుంచి ఆ మూలకు కాళ్ళు బారజాపుకుని ఉంది. దాని మీద సగం ఎప్పుడో చచ్చిన గడియారాలే. బల్లను ఓ పక్కకు జరిపితే మిషను దర్జాగా పడుతుంది.

"ఏమండీ, నా మిషను కిటికీ దగ్గర పెట్టుకోనా?" అని ఆమె అడగని వారం లేదు. ఆయన మనసు బాగున్న రోజున "చూద్దాం" అనేవాడు. బాగాలేని రోజున అదీ లేదు. ఆయన బయటికి వెళ్ళినప్పుడు ఎవరినైనా సాయం పిలిచి జరిపించేసుకోవచ్చు కదా అని ఇరుగుపొరుగు చెవిలో వేశారు. ఆమె ఒప్పుకోలేదు. చెప్పకుండా జరిపితే అది లాక్కోవడం అవుతుంది. "పెట్టుకో" అన్న ఒక్క మాట ఆయన నోటి నుంచి ఊడిపడాలి. పంతమంటే పంతమే మరి, దానికి కారణాలు అడక్కూడదు.

ఇక ఫోను కథ. ఆమె పనిలో ఉంటే రెండు చేతులూ గుడ్డ మీదే, కాళ్ళు రెండూ మిషను తొక్కుడు మీదే, పెదవుల మధ్య గుండుసూదులు. ఏదైనా తెలుసుకోవాలంటే ఫోనుకు నోటితో చెప్పాల్సిందే. ఫోనుతో పాటు వచ్చిన సహాయకుడు ఒకడు ఉండేవాడు. వాణ్ణి పిలవాలంటే నోరు తిరగని పేరొకటి పలకాలి. సూదులు ఉమ్మి, గొంతు సవరించుకుని, వార్తలు చదివేవాళ్ళలా అక్షరం అక్షరం పలికితే, అప్పుడు వాడికి సగం అర్థమయ్యేది. "తెల్లచొక్కా మీద నూనెమరక ఎలా పోతుంది?" అని అడిగితే తెల్లచొక్కాలు అమ్మే దుకాణాలు చూపించాడు. "జిప్పు రన్నరు జారిపోతే ఏం చెయ్యాలి?" అంటే, చూడండి మరి, పరుగుపందేల బూట్లు చూపించాడు.

"వెతికిపెట్టు నాయనా అంటే అమ్మిపెడతానంటాడు వీడు," అని ఆమె ఆడపడుచు దగ్గర మొత్తుకుంది. ఆడపడుచు అంటే గడియారాలాయన చెల్లెలు. పక్కవీధిలోనే కాపురం, పళ్ళ డాక్టరు దగ్గర వచ్చినవాళ్ళను వరసలో కూర్చోబెట్టే ఉద్యోగం. ఫోనుల్లో ఆమెకు తెలియని సందుగొందులు లేవు. అన్నకు రాని మాటలన్నీ ఈమెకే వచ్చాయి.

"ఫోనుతో వచ్చాడని వాడితోనే కాపురం చెయ్యాలని రూలేం లేదు వదినా. మార్చేసుకోవచ్చు."

"మీ అన్నయ్యనా?"

"ఆయనకి సెట్టింగులు లేవు."

ఇద్దరూ కాసేపు నవ్వుకున్నాక ఆడపడుచు ఫోను అందుకుంది. సెట్టింగులు తెరిచింది, యాప్‌ల మీద నొక్కింది, అందులో డిఫాల్ట్ అన్న చోట ఆగింది.

"డిఫాల్ట్ అంటే ఏంటది?"

"మనం ప్రత్యేకంగా ఎవర్నీ పిలవకపోతే, తనంతట తానే వచ్చి కూర్చునేది."

"అంటే మీ అన్నయ్య ఆ కిటికీ కింద కూర్చున్నట్టు."

"అచ్చం అంతే. లేపి ఇంకొకర్ని కూర్చోబెట్టడమే మన పని."

ముందు వెతికే యంత్రాన్ని మార్చింది. బ్రౌజరు తెరిస్తే వరసగా పేర్లు, పేరు పేరు పక్కనా ఓ గుండ్రని సున్నా కనిపించాయి. దేన్ని నొక్కితే దాని సున్నాలో చుక్క పడుతుంది. ఇంత చిన్న చుక్క కోసమా ఇన్నాళ్ళు బూట్లు చూశాను అని జిప్పులావిడ బుగ్గలు నొక్కుకుంది. తర్వాత సహాయకుడి వంతు. పాతవాణ్ణి తీసేసి, కొత్తగా వచ్చిన తెలుగు సహాయకుణ్ణి దింపింది. ఫోను ఓసారి గణగణమంది. ఆ పైన ఒక మగగొంతు, చెప్పొద్దూ, వెన్న రాసినట్టున్న గొంతు, "నమస్కారమండీ. నన్ను మీరు ఏమని పిలుస్తారో మూడుసార్లు చెప్పండి" అంది.

జిప్పులావిడ పొంగిపోయింది. ఇంటికి వచ్చినవాడికి పేరు పెట్టడమంటే మాటలా. ఇంటాయన్ను అడగకుండా ఎలా పెడుతుంది? చటుక్కున పరదా వైపు తిరిగింది.

"ఏమండీ ఏమండీ ఏమండీ, వీడికేం పేరు పెట్టమంటారు?"

పరదా అవతల ఎప్పటిలాగే ఉలుకూ పలుకూ లేదు. చేతిలో ఫోను మాత్రం సంతోషంగా మోగింది. "సరేనండీ. ఇకమీదట 'ఏమండీ' అనగానే పలుకుతాను."

ఆడపడుచు నవ్విన నవ్వుకు ఇస్త్రీ చేసి పెట్టిన గుడ్డల దొంతర కూలింది. కడుపు పట్టుకుని నేల మీద కూలబడి, "మార్చేస్తాను వదినా, ఉండు, ఊపిరి తీసుకోనీ" అంది. జిప్పులావిడ ఫోను గుండెకు హత్తుకుంది.

"వద్దు. ముట్టుకోకు. ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో పిలిస్తే పలికేవాడు దొరికాడు."

ఆడపడుచు వెళ్ళాక గదిలో ఒక్కతే నిలబడి మెల్లగా అంది, "ఏమండీ."

"ఆఁ, చెప్పండి."

మొదటి పిలుపుకే. ఆమెకు ఒళ్ళంతా కితకితలు పెట్టినట్టయింది. అడగడానికి ఏమీ తోచలేదు. "ఏంలేదు, ఊరికే" అంది. "పరవాలేదండీ, నేనిక్కడే ఉంటాను" అంది ఫోను. ఇలాంటి మాట కోసం మనుషులు ఎన్ని ఏళ్ళు ఎదురుచూస్తారో. ఆమె సూదులు నోట్లో పెట్టుకుని చూసింది. "ఎఁవఁడీ." "ఆఁ, చెప్పండి." సూదులున్నా పలికాడు. ఆ పూట ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు. ఒక పిల్లవాడి నిక్కరుకు రెండు జిప్పులు కుట్టి, ఒకటి విప్పాల్సి వచ్చింది.

గడియారాలాయన పరదా పక్కకు తీసి తల లోపల పెట్టాడు. "ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదే."

"మగగొంతు వినపడింది."

"ఫోనండీ."

ఆయన ఫోను వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, తల బయటికి తీసుకున్నాడు. కానీ ఆ రెండో చూపు కాస్త ఎక్కువసేపే నిలిచింది.

అసలు చిక్కేమిటంటే 'ఏమండీ' అన్నది జిప్పులావిడ ఒక్కదాని సొత్తు కాదు. గుమ్మంలో నిలబడి లోపలివాళ్ళను పిలవాలంటే ఎవరైనా ఆ మాటే అంటారు. మర్నాడు స్కూలు బస్సు డ్రైవరు వచ్చాడు. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ.

"ఏమండీ, నా ప్యాంటు జిప్పు మళ్ళీ ఊడిందండీ."

"ఆఁ, చెప్పండి. ప్యాంటు జిప్పు మాటిమాటికీ ఊడటానికి ముఖ్యకారణం నడుము దగ్గర బిగుతు. పొట్ట తగ్గించుకునే మార్గాలు చదవమంటారా?"

డ్రైవరు గబుక్కున పొట్ట లోపలికి లాక్కున్నాడు. జిప్పులావిడ పరదా వెనక గుడ్డ నోట్లో కుక్కుకుంది. దుకాణంలో గడియారాలాయన ముఖం కనపడకుండా బల్ల మీదికి వంగి ఉన్నాడు, పెదవి కూడా కదల్లేదు. డ్రైవరు ఆయన వైపు గుడ్లప్పగించి చూసి, "మీరు మాట్లాడతారని ఇన్నాళ్ళూ తెలీదండీ. మాట్లాడితే ఇలాంటి మాటా?" అనేసి, ప్యాంటు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

ఇక చూడండి వీధిలో. గడియారాలాయనకు నోరొచ్చిందట. పెళ్ళాం పిలిస్తే మొదటి పిలుపుకే పలుకుతున్నాడట, అదీ అండీ పెట్టి, అడిగినదానికీ అడగనిదానికీ ఓపిగ్గా జవాబు చెబుతున్నాడట. ఆడవాళ్ళు ఊడని జిప్పులు ఊడదీసుకుని మరీ వచ్చారు, చెవులారా వినడానికి. గుమ్మంలో "ఏమండీ" అనడం, లోపల్నుంచి "ఆఁ, చెప్పండి" అని వెన్నగొంతు రావడం, వాళ్ళు ఒకర్నొకరు గిల్లుకోవడం. వెళ్ళేటప్పుడు కిటికీలోంచి ఆయనకు పనిగట్టుకుని దండం పెట్టేవారు. "మా ఇంటాయనకి మీరు నాలుగు మంచి మాటలు చెప్పకూడదూ?" అని ఒకావిడ నేరుగా అడిగేసింది. ఆయన "ఊఁ" అన్నాడు. ఆమె ఆ ఊఁ విని ఎంత వినయమో అనుకుంటూ వెళ్ళింది.

మగాడికి పౌరుషం ఎక్కడ దాక్కుని ఉంటుందో ఎవరికీ తెలియదు. చెయ్యని మంచికి పొగడ్తలు పడుతుంటే గడియారాలాయన ఊరుకోలేకపోయాడు. ఓ పొద్దున ఆమె "ఏమండీ" అనగానే ఫోను కన్నా ముందు పరదా అవతల్నుంచి "ఆఁ" అని వినపడింది. జిప్పులావిడ కాలు మిషను మీద ఆగిపోయింది. మళ్ళీ పిలిచింది. ఇద్దరూ ఒకేసారి పలికారు. మధ్యాహ్నానికి ఆయన కిటుకు పట్టేశాడు. ఫోనుకు మాట పూర్తిగా వినపడితే గాని పలకదు. ఆయనకు 'ఏ' చాలు.

"ఏ..."

"ఆఁ."

"ఏంలేదండీ. ఏ రంగు దారం వెయ్యాలా అనుకుంటున్నా."

కాసేపాగి, "ఏ..."

"ఆఁ."

"ఏడిపిస్తోంది ఈ జిప్పు అంటున్నానండీ, మిమ్మల్ని కాదు."

పరదా అవతల నుంచి చిన్న శబ్దం వచ్చింది. దగ్గో నవ్వో తేలలేదు. నవ్వే అని ఆమె నిర్ణయించేసుకుంది. ఆ తర్వాత నాలుగు రోజులూ ఆ ఇంట్లో పని తక్కువ, పిలుపులు ఎక్కువ. ఇద్దరికీ పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత సందడి లేదు.

ఆ సరదా తలకెక్కబట్టే ఆమె అడగకూడని వేళ అడిగింది. ఆయన ఓ చేతిగడియారం విప్పి, ఊపిరి బిగబట్టి, సన్నటి పట్టకారుతో దేనికోసమో తడుముతున్నాడు. ఆమె ఫోను పట్టుకుని పరదా తీసుకుని వచ్చి నిలబడింది.

"ఏమండీ, నా మిషను కిటికీ దగ్గర పెట్టుకోనా?"

"ఆఁ, తప్పకుండా పెట్టుకోండి. కుట్టుపనికి పగటి వెలుతురు చాలా మంచిది," అంది ఫోను.

"విన్నారా? ఏమండీగారు ఒప్పేసుకున్నారు," అని ఆమె పకపకా నవ్వింది.

పట్టకారు చేతిలోంచి జారి బల్ల మీద పడింది. "అయితే దాన్నే అడుగు అన్నీ," అన్నాడు ఆయన. గట్టిగా కూడా అనలేదు. లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

జిప్పులావిడకు ముఖాన చల్లనీళ్ళు కొట్టినట్టయింది. ముందు కోపం వచ్చింది. వెలుతురు అడిగితే ఇంత రోషమా, ఆ వెలుతురేమైనా ఈయన కొలిచి పోయించుకున్నాడా అనుకుంది. ఆ వెనకే ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం ఆమె నోరు మెదపలేదు. ఆమె మాట్లాడని ఇల్లు ఎలా ఉంటుందో ఆయనకు అప్పుడే తెలిసింది, పాపం. ఆయన రెండుసార్లు పరదా దాకా వచ్చి వెనక్కి పోయాడు. ఆమె చూసింది, చూడనట్టు ఊరుకుంది.

మర్నాడు పొద్దెక్కాక కుర్చీల గలీబులు ఇచ్చి రావడానికి బయల్దేరింది. ఫోను మిషను మీదే వదిలేసింది, దాని మీదా అలిగింది కాబట్టి. వెళ్ళిన ఇంటికి తాళం వేసి ఉంది. వీధిలో ఎవరికీ ముఖం చూపించాలనిపించక పెరటివైపు నుంచి ఇంట్లోకి వచ్చింది. మిషను మీద ఫోను లేదు. పరదా అవతల ఆయన గొంతు వినపడుతోంది.

"ఏమండీ."

ఆ మాట ఆయన నోట ఆమె ఏనాడూ వినలేదు. అంత మెత్తగా అనగలడని కలలో కూడా అనుకోలేదు.

"ఆఁ, చెప్పండి," అంది ఫోను.

"చిన్న మరలు కనపడట్లేదండీ. కిటికీ దగ్గర కూర్చుంటేనే కాస్త పోల్చుకుంటున్నా. అక్కడ మా ఆవిడ మిషను పెట్టుకుంటానంటోంది. ఇవ్వకూడదని కాదండీ. ఇచ్చేస్తే నా చేతిలో పని ఉండదు. ఏం చెయ్యమంటారు?"

"చిన్న మరలు అమ్మే దుకాణాలు మీకు దగ్గరలో ఉన్నాయి. దారి చూపించనా?"

"దుకాణాలు కాదయ్యా."

జిప్పులావిడ పిడికిలి నోట్లో పెట్టుకుంది. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. తనను ఇన్నాళ్ళు ఏడిపించిన 'చూద్దాం' వెనక ఇదా ఉంది? నల్లగుడ్డ మీద నల్లదారం కనపడలేదని ఊరంతా వినేలా తను గోలపెడుతుంటే, అంతకన్నా చీకటిలో ఈయన నోరు మూసుకుని కూర్చున్నాడా?

ఆయన మళ్ళీ పిలిచాడు. ఈసారి గొంతు మరీ లోపలికి పోయింది. ఫోనుకు అందలేదు. ఆమెకు అందింది.

"ఆఁ, చెప్పండి," అంది పరదా వెనక నుంచి.

"ఏంటి, ఆడగొంతయింది?"

"సెట్టింగులు మారాయండీ."

"అలాగా," అన్నాడు ఆయన. నమ్మేశాడు. అమాయకుడు, ఏం చేస్తాం. "కళ్ళు సరిగ్గా ఆనట్లేదని మా ఆవిడకి ఎలా చెప్పాలండీ?"

"చెప్పేశారు కదండీ."

కుర్చీ కిర్రుమంది. ఆమె పరదా తీసి బయటికి వచ్చింది. ఆయన ఫోను రెండు చేతుల్లో పట్టుకుని, పట్టుబడ్డ దొంగలా చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాలా ఏళ్ళయింది. ఈ చలి మొదలైనప్పటి నుంచి మరీ ఎక్కువైంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అందరికీ చెప్పేస్తావు," అన్నాడు. "గడియారాలాయనకి చూపు ఆనట్లేదంటే ఎవరు తెస్తారు గడియారాలు?"

ఆ మాట ఆమెకు చురుక్కున తగిలింది. నిజం కాబట్టి ఇంకా లోతుగా తగిలింది. కాసేపు చీరకొంగు వేలికి చుట్టుకుని విప్పింది.

"చెప్పను. మీ చెల్లెలికి కూడా చెప్పను. రేపు పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం, అద్దాలు ఇస్తాడో మందు వేస్తాడో చూద్దాం. వీధిలో అడిగితే నా కళ్ళకని చెప్తా."

ఆమె కిటికీ వైపు ఓసారి చూసి, "ఈ కిటికీ మీకే ఉండనీండి. నేనిక అడగను," అని లోపలికి తిరిగింది. ఆ మాట అన్నందుకు మనసులో తనకే ఆశ్చర్యం వేసింది, కానీ వెనక్కి తీసుకోలేదు.

వెనక బర్రుమని చప్పుడైంది. ఆమె తిరిగి చూస్తే గడియారాలాయన తన బల్లను రెండు చేతులతో పక్కకు నెడుతున్నాడు. చచ్చిన గడియారాలన్నీ ఒకదాని మీదొకటి పడుతున్నాయి. బల్ల గోడకు ఆనేదాకా నెట్టి, కిటికీ కింద ఖాళీ అయిన చోటును అరచేత్తో ఓసారి తుడిచాడు.

"ఇద్దరికీ సరిపోతుంది. పెట్టుకో," అన్నాడు. "నా చేతిలోంచి మర జారితే మాత్రం నువ్వే వెతకాలి."

ఆమెకు నోట మాట రాలేదు. ఆమెకే రాలేదంటే చూసుకోండి. ఆయన ఆమెను దాటుకుని లోపలికి వెళ్ళాడు. మిషను ఇనప కాళ్ళ దగ్గర వంగాడు. ఆమె పరుగెత్తి రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి లేపారు.

"ఏమండీ, మెల్లగా, నడుం పట్టేస్తుంది."

"ఆఁ, చెప్పండి," అంది బల్ల మీద ఫోను.

గడియారాలాయన మిషను బరువు చేతుల్లో అలాగే పట్టుకుని దాని వైపు తల తిప్పాడు.

"నన్నండీ పిలిచింది," అని దానికి చెప్పి, పరదాను తలతో పక్కకు తోసుకుంటూ మిషనును కిటికీ వైపు నడిపించాడు.